రామాలయం మైకును కమాండ్ లైన్‌తో నడపడం: పాట పెట్టడం ఒక పని, మోగిందో లేదో చూసుకోవడం ఇంకో పని

2022 జులైలో గోదావరికి పెద్ద వరద వచ్చి, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక అమల్లో ఉన్న రాత్రి. మాది కోనసీమలో వైనతేయ గట్టు పక్క ఊరు. లంకలో ఉన్నవాళ్లు గొడ్లను తోలుకుని గట్టెక్కాలని ముందే రికార్డు చేసిన ప్రకటన ఉంది, దాన్ని రామాలయం మైకులో పెట్టాలి. గుడిలో పాత లాప్‌టాప్ ఉంది, దాంట్లో లినక్స్ ఉంది. నేను ఇంట్లోంచే ఫోన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచే ఇంకో కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా దాంట్లోకి వెళ్లి కమాండ్ కొట్టాను. ప్రకటన నలభై సెకన్లది. సరిగ్గా నలభై సెకన్లకి కమాండ్ ముగిసింది. ఎర్రర్ ఏమీ రాలేదు. మోగిందనే అనుకున్నాను.

అరగంట తర్వాత గుడి పక్కింటి బాబాయ్ ఫోన్ చేశాడు. "ఏరా అబ్బాయ్, మైకులో ఏదో చెప్తానన్నావ్, ఇంకా రాలేదేంట్రా?"

పరుగెత్తుకుంటూ వెళ్లి చూస్తే, లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ వైరుతో తగిలించిన మానిటర్‌ని ఎవరో ఆ సాయంత్రం ఆన్ చేశారు. శబ్దం మొత్తం యాంప్లిఫయర్‌కి బదులు ఆ మానిటర్ దారి పట్టింది. దానికి స్పీకర్లే లేవు. ఆ రాత్రి ఎవరికీ ఏమీ కాలేదు, మనుషులు వెళ్లి ఇంటింటికీ చెప్పారు. కానీ కమాండ్ ముగిసినంత మాత్రాన శబ్దం బయటికి వచ్చినట్టు కాదని నాకు ఆ రాత్రే తెలిసింది. గుడిలోనో, లైబ్రరీలోనో, బడిలోనో ఇలాంటి పెట్టె పెట్టుకుని దూరం నుంచి నడిపేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. కమాండ్ల పేర్లు ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. "పీఏసీటీఎల్" అంటే ఆ అయిదు అక్షరాలే వరసగా, మధ్యలో ఖాళీ లేకుండా. "లిస్ట్", "షార్ట్" లాంటివి మామూలు ఇంగ్లీషు మాటలే. అడ్డగీత కనిపించిన చోట అడ్డగీతే కొట్టాలి. ఫైలు పేరు చివర "వేవ్" అని ఉంటే డబ్ల్యూ, ఏ, వీ మూడక్షరాలు.

కాలువ, లస్కరు, చేను

డెల్టాలో పుట్టినవాళ్లకి సౌండ్ సర్వర్ గురించి చెప్పడం తేలిక. ధవళేశ్వరం దగ్గర నీరు కాలువలోకి దిగుతుంది, కాలువలోంచి పంట బోదెకి, బోదెలోంచి చేలోకి. ఏ తూము ఎంత ఎత్తాలో లస్కరు చూసుకుంటాడు. చేలోకి నీరు రాలేదంటే మనం కాలువ మొదట్లో నిలబడి చూడం కదా. గట్టు వెంట నడుచుకుంటూ ఎక్కడిదాకా నీరు ఉంది, ఎక్కడ ఆగిపోయింది అని చూస్తాం.

ఇక్కడా అంతే. పాట ప్లే చేసే ప్రోగ్రామ్ నీటిని వదిలే చోటు. ఆ శబ్దాన్ని మోసుకెళ్లే కాలువ పైప్‌వైర్. ఎవరి శబ్దం ఎక్కడికి పోవాలో తేల్చే లస్కరు వైర్‌ప్లంబర్ అనే ఇంకో ప్రోగ్రామ్. చివర్లో శబ్దం వెళ్లి పడే చోటుని సింక్ అంటారు. హెడ్‌ఫోన్ పిన్ను ఒక సింక్, హెచ్‌డీఎంఐ ఇంకో సింక్, బ్లూటూత్ స్పీకర్ కలిపితే అది మూడోది. మనం మాట్లాడే మైకు లాంటి, శబ్దం పుట్టే చోటుని సోర్స్ అంటారు. వీటన్నిటికీ కింద కెర్నెల్‌లో (లినక్స్ అట్టడుగు భాగంలో) సౌండ్ కార్డుతో మాట్లాడేది ఆల్సా.

పైప్‌వైర్‌కి ముందు దాదాపు అన్ని లినక్స్ డెస్క్‌టాప్‌లలోనూ పల్స్‌ఆడియో ఉండేది. అది 2004లో మొదలైంది. పైప్‌వైర్‌ని విమ్ టేమన్స్ మొదలుపెట్టాడు, 2017లో బయటికి వచ్చింది. 2021లో ఫెడోరా అనే లినక్స్ 34వ వెర్షన్ శబ్దం పని దానికి అప్పగించింది. 2023లో పైప్‌వైర్ 1.0 వచ్చింది. అయినా పల్స్‌ఆడియో కోసం రాసిన పాత కమాండ్లు ఇప్పటికీ పనిచేస్తాయి. పైప్‌వైర్‌లో పల్స్ భాష అర్థం చేసుకునే భాగం ఒకటి ఉంది. పి.గన్నవరం దగ్గర అక్విడక్టు మీద కాలువ నీరు వైనతేయను దాటి అవతలి పొలాలకు పోయినట్టు, పాత కమాండ్లు ఆ వంతెన మీదుగా కొత్త సర్వర్‌లోకి దిగుతాయి. కింద నది మారిందని పైన పోయే నీటికి తెలియక్కర్లేదు.

సర్వర్ ఉందా, ఎవరిది?

డెబియన్ అనే లినక్స్‌లో అయితే పల్స్‌ఆడియో-యుటిల్స్, పైప్‌వైర్-బిన్, పైప్‌వైర్-పల్స్, వైర్‌ప్లంబర్ అనే నాలుగు ప్యాకేజీలు ఉండాలి. తర్వాత ఇది కొట్టండి:

పీఏసీటీఎల్ ఇన్ఫో

వచ్చిన వరసల్లో సర్వర్ నేమ్ అన్నది చూడండి. పల్స్‌ఆడియో ఆన్ పైప్‌వైర్ అని ఉంటే మీది కొత్త కాలువ, ఉత్త పల్స్‌ఆడియో అని ఉంటే పాతది. డిఫాల్ట్ సింక్ అన్న వరస కూడా అక్కడే ఉంటుంది. దాన్ని రోజూ చూడండి. ఆ రాత్రి నేను ఈ ఒక్క వరస చూసి ఉంటే హెచ్‌డీఎంఐ అని కనిపించేది.

కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని వస్తే టెన్షన్ పడి ముందు సూడో (రూట్ అనే పెద్ద యూజర్ అధికారంతో కమాండ్ నడిపే మాట) పెట్టి కొట్టకండి. చాలామంది చేసే పొరపాటు అదే. సౌండ్ సర్వర్ యూజర్‌ది, రూట్‌ది కాదు. సూడో పెడితే మీరు వేరే మనిషిగా వెళ్లి వేరే ఇంటి తలుపు కొట్టినట్టు. మీ యూజర్‌గానే ఉండి సర్వీసు సంగతి అడగండి:

సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ స్టేటస్ పైప్‌వైర్ పైప్‌వైర్-పల్స్ వైర్‌ప్లంబర్

మూడూ యాక్టివ్ అని ఉండాలి. వైర్‌ప్లంబర్ ఒక్కటి లేకపోయినా కాలువలో నీరు ఉంటుంది గానీ లస్కరు లేనట్టే. సింకులు కనిపించవు, లేదా డమ్మీ అవుట్‌పుట్ అని ఒక్కటే కనిపిస్తుంది.

సింక్ ఎంచుకుని, వాల్యూమ్ పెట్టడం

పీఏసీటీఎల్ లిస్ట్ షార్ట్ సింక్స్

ఒక్కో సింక్‌కి ఒక్కో వరస వస్తుంది. మొదట నంబరు, తర్వాత పొడుగాటి పేరు, చివర స్థితి. స్థితి మూడు రకాలు: రన్నింగ్, ఐడిల్, సస్పెండెడ్. యాంప్లిఫయర్‌కి వెళ్లే సింక్ పేరులో సాధారణంగా అనలాగ్-స్టీరియో అని ఉంటుంది. ఆ పేరు కాపీ చేసుకుని:

పీఏసీటీఎల్ సెట్-డిఫాల్ట్-సింక్ (ఆ పేరు)

నంబరు వాడకండి, పేరే వాడండి. నంబర్లు బూట్ అయినప్పుడల్లా మారతాయి. పేరు మారదు.

వాల్యూమ్‌కి:

పీఏసీటీఎల్ సెట్-సింక్-వాల్యూమ్ @డిఫాల్ట్_సింక్@ 80%

ఆ రెండు @ గుర్తుల మధ్య ఉన్న మాటలు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కొట్టాలి, మధ్యలో కింది గీత. 100 దాటి 150 కూడా పెట్టనిస్తుంది. పెట్టకండి. 100 పైన సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని బలవంతంగా పెంచుతుంది. పెద్ద శబ్దాల కొసలు తెగిపోయి, మైకులో మాట బొంగురుగా వస్తుంది. ప్రకటన ఎంత గట్టిగా ఉన్నా మాట తెలియకపోతే లంకలో ఉన్న ముసలాయనకి అది ఉపయోగపడదు. లాప్‌టాప్‌లో 80 దగ్గర ఉంచి, మిగతాది యాంప్లిఫయర్ నాబ్ మీద పెంచుకోండి.

మ్యూట్ సంగతి విడిగా చూడాలి:

పీఏసీటీఎల్ గెట్-సింక్-మ్యూట్ @డిఫాల్ట్_సింక్@

నో అని రావాలి. అయినా శబ్దం రాకపోతే ఆల్సామిక్సర్ తెరవండి. హెడ్‌ఫోన్ గడి కింద ఎంఎం అని ఉంటే కార్డులోనే మ్యూట్ అయిందని అర్థం. ఎం అక్షరం నొక్కితే విడిపోతుంది. ఈ కింది తూము మూసి ఉన్న సంగతి పై కమాండ్లకి ఒక్కోసారి తెలియదు.

పాట పెట్టడం

ఇది ఒక్క వరస పని:

పీడబ్ల్యూ-ప్లే వరద.వేవ్

పాత సర్వర్ అయితే పీఏప్లే వాడండి. వేవ్, ఫ్లాక్, ఓజీజీ ఫైళ్లు రెండింటిలోనూ ఇబ్బంది లేకుండా ఆడతాయి. పాత సిస్టమ్‌లలో ఎంపీ3 మొరాయించవచ్చు, కాబట్టి ప్రకటనలన్నీ వేవ్‌గా మార్చి పెట్టుకోవడం మంచిది. అత్యవసరంలో ఫార్మాట్‌తో కుస్తీ పట్టే టైమ్ ఉండదు.

ఇక్కడ ఒక చిన్న చిక్కు. మా గుడిలో మొదటి నెలంతా ప్రకటన "జలకు విజ్ఞప్తి" అని మొదలయ్యేది. "ప్ర" వినపడేది కాదు. రికార్డింగ్‌లో తప్పేమీ లేదు. అయిదు సెకన్లు శబ్దం లేకపోతే వైర్‌ప్లంబర్ సౌండ్ కార్డుని నిద్రపుచ్చుతుంది. సింకుల జాబితాలో సస్పెండెడ్ అని కనిపించేది అదే. పాట మొదలవగానే కార్డు లేచి కూర్చునే లోపు మొదటి అక్షరం పోతుంది. కాన్ఫిగరేషన్‌లో ఆ అయిదు సెకన్ల గడువు తీసేయవచ్చు గానీ, ఆ ఫైలు రాసే పద్ధతి వైర్‌ప్లంబర్ 0.4కి ఒకలా, 0.5కి ఇంకోలా ఉంటుంది. నేను చేసింది అంతకంటే తేలిక. సాక్స్ (ఎస్, ఓ, ఎక్స్ మూడక్షరాలు) అనే ప్రోగ్రామ్‌తో ఫైలు ముందు ఒక సెకను నిశ్శబ్దం అతికించాను:

సాక్స్ పాత.వేవ్ కొత్త.వేవ్ ప్యాడ్ 1 0

ఆ ఒక్క సెకనులో కార్డు లేస్తుంది. తర్వాత "ప్రజలకు" అని పూర్తిగా వినిపిస్తుంది.

గట్టు వెంట నడవడం

అసలు పని ఇక్కడ ఉంది. పాట పెట్టి, ఇంకో ఎస్‌ఎస్‌హెచ్ విండోలో వరసగా నాలుగు చోట్ల చూడండి.

మొదటి చోటు: ప్రోగ్రామ్ శబ్దం సర్వర్‌లోకి దిగిందా?

పీఏసీటీఎల్ లిస్ట్ షార్ట్ సింక్-ఇన్‌పుట్స్

ఖాళీగా ఉంటే ప్రోగ్రామ్ అసలు సర్వర్‌ని చేరలేదు. వరస కనిపిస్తే దాంట్లో రెండో అంకె, అది ఏ సింక్‌లోకి పోతోందో చెబుతుంది. ఆ అంకెను సింకుల జాబితాలో నంబరుతో పోల్చండి. తప్పు సింక్ అయితే పాట ఆపక్కర్లేదు, ఆడుతుండగానే మళ్లించవచ్చు:

పీఏసీటీఎల్ మూవ్-సింక్-ఇన్‌పుట్ (ఇన్‌పుట్ నంబరు) (సింక్ పేరు)

ఒక బోదె మూసి ఇంకో బోదె తెరిచినట్టు, మాట మధ్యలో శబ్దం అటు నుంచి ఇటు మారుతుంది.

రెండో చోటు: ప్రవాహం తెగకుండా ఉందా?

పీడబ్ల్యూ-టాప్

ఇది పాత టాప్ కమాండ్ లాంటిదే, తెర మీద అంకెలు కదులుతూ ఉంటాయి. ఎడమ చివర ఆర్ ఉంటే నడుస్తోంది, ఐ ఉంటే ఖాళీగా ఉంది, ఎస్ ఉంటే నిద్రలో ఉంది. క్వాంట్ అన్న నిలువు వరస, ఒక్కో విడతలో ఎన్ని శాంపిళ్లు (శబ్దం చిన్న చిన్న ముక్కలు) పంపుతోందో చెబుతుంది. రేట్ అన్నది సెకనుకి ఎన్ని శాంపిళ్లో చెబుతుంది. క్వాంట్ 1024, రేట్ 48000 అయితే ఒక్కో విడత దాదాపు 21 మిల్లీసెకన్లు. ఆ 21 మిల్లీసెకన్లలోపు తర్వాతి విడత సిద్ధం కాకపోతే శబ్దం తెగుతుంది, చిటపట వినిపిస్తుంది. అలా తెగినప్పుడల్లా ఈఆర్ఆర్ గడిలో అంకె పెరుగుతుంది. పాట మొదలైనప్పుడు ఒకటి రెండు పెరిగితే పట్టించుకోకండి. ఆడుతున్నంతసేపూ పెరుగుతూనే ఉంటే లాప్‌టాప్‌కి ఆయాసం వస్తోందని అర్థం. విడత పెద్దది చేయండి:

పీడబ్ల్యూ-మెటాడేటా -ఎన్ సెట్టింగ్స్ 0 క్లాక్.ఫోర్స్-క్వాంటమ్ 2048

మైకు ప్రకటనకి దాదాపు 43 మిల్లీసెకన్ల ఆలస్యం ఎవరికీ తెలియదు. చిటపట మాత్రం అందరికీ తెలుస్తుంది. మామూలు స్థితికి తేవాలంటే 2048 బదులు 0 కొట్టండి.

మూడో చోటు: సింక్‌లోంచి బయటికి పోతున్న శబ్దాన్ని పట్టుకోవడం. ప్రతి సింక్‌కీ మానిటర్ అనే సోర్స్ ఒకటి తోడుగా ఉంటుంది (ఇది తెర మానిటర్ కాదు). సింక్‌లోకి ఏం పోతోందో అదే దీంట్లోంచి మనం రికార్డు చేసుకోవచ్చు:

టైమ్ఔట్ 5 పీఏఆర్ఈసీ -డి @డిఫాల్ట్_మానిటర్@ --ఫైల్-ఫార్మాట్=వేవ్ చూపు.వేవ్

అయిదు సెకన్ల ముక్క చేతికి వస్తుంది. దాన్ని వినక్కర్లేదు, కొలిస్తే చాలు:

సాక్స్ చూపు.వేవ్ -ఎన్ స్టాట్

మాగ్జిమమ్ యాంప్లిట్యూడ్ అన్న చోట 0 ఉంటే నిశ్శబ్దమే పోతోంది. 1కి అంటుకుని ఉంటే శబ్దం కొసలు తెగుతున్నాయని అనుమానించాలి. మా ప్రకటనలకి 0.5, 0.8 మధ్య ఉండేలా చూసుకుంటాను. మాట శుభ్రంగా వస్తుంది.

కానీ మానిటర్ చెప్పేది సాఫ్ట్‌వేర్ దాకానే. పిన్ను ఊడిపోయినా, యాంప్లిఫయర్‌కి కరెంటు లేకపోయినా, ఎలుక వైరు కొరికినా మానిటర్‌లో శబ్దం నిక్షేపంగా ఉంటుంది. అందుకే నాలుగో చోటు కావాలి. అది గాలి. లాప్‌టాప్ సొంత మైకుతో గుడిలో వినిపిస్తున్నది రికార్డు చేయండి:

టైమ్ఔట్ 5 పీఏఆర్ఈసీ -డి @డిఫాల్ట్_సోర్స్@ --ఫైల్-ఫార్మాట్=వేవ్ గాలి.వేవ్

దాన్నీ సాక్స్‌తో కొలవండి. ఇక్కడ చూడాల్సింది ఆర్ఎంఎస్ యాంప్లిట్యూడ్ అన్న వరస, అంటే సగటున శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకె. ముందు ఒకసారి పాట లేనప్పుడు, ఒకసారి ఉన్నప్పుడు కొలిచి, రెండు అంకెలూ గోడ మీదో, నోట్స్‌లోనో రాసి పెట్టుకోండి. వాన పడుతున్నప్పుడు రేకుల మీద చప్పుడుకే అంకె పెరుగుతుంది, కాబట్టి వానాకాలంలో ఇంకోసారి కొలవడం అవసరం. లాప్‌టాప్ మైకు బయటి హారన్‌కి మరీ దగ్గరగా ఉంటే అంకె ఎప్పుడూ 1కి అంటుకుపోయి పనికిరాకుండా పోతుంది. మా గుడిలో లాప్‌టాప్ భోజనాల గదిలో ఉంది, హారన్లు ధ్వజస్తంభం వైపు ఉన్నాయి, దూరం సరిపోయింది.

మూడో చోట అంకె ఉండి నాలుగో చోట లేదంటే, ఇక ఫోన్ పక్కన పెట్టి చెప్పులు తొడుక్కోవాలి. లోపం వైరులోనో, యాంప్లిఫయర్‌లోనో ఉంది. కమాండ్‌తో తేలేది కాదు.

కరెంటు పోయి వచ్చాక

మా దగ్గర గాలివాన వస్తే ముందు పోయేది కరెంటు. లాప్‌టాప్ బ్యాటరీ అయిపోయి, కరెంటు రాగానే తనంతట తాను బూట్ అయ్యేలా బయోస్‌లో పెట్టుకున్నారనుకోండి. అయినా ఎవరూ లాగిన్ కాకపోతే యూజర్ సౌండ్ సర్వర్ లేవదు. దానికి ఒకసారి ఇది కొట్టాలి:

సూడో లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్-లింగర్ (మీ యూజర్ పేరు)

దీంతో లాగిన్ లేకపోయినా మీ సర్వీసులు నడుస్తాయి. ఇదొక్కటే చాలదు. లినక్స్ సౌండ్ కార్డు తాళం మామూలుగా తెర ముందు కూర్చున్న మనిషికే ఇస్తుంది. దూరం నుంచి వచ్చినవాళ్లకి సింకులు కనిపించకపోవచ్చు. మీ యూజర్‌ని ఆడియో గ్రూపులో చేర్చండి:

సూడో యాడ్‌యూజర్ (మీ యూజర్ పేరు) ఆడియో

తర్వాత ఒకసారి రీబూట్ చేసి, ఎవరూ లాగిన్ కాకుండా, ఎస్‌ఎస్‌హెచ్‌లోంచి సింకుల జాబితా చూడండి. ఈ పరీక్ష ఎండాకాలంలోనే చేసుకోండి.

క్రాన్ అనే టైమర్‌తో టైముకి పాట పెట్టేవాళ్లకి ఇంకో జాగ్రత్త. క్రాన్‌కి మీ సర్వర్ తలుపు ఎక్కడుందో తెలియదు. క్రాన్‌ట్యాబ్ (క్రాన్ పనుల జాబితా) మొదట్లో ఎక్స్‌డీజీ_రన్‌టైమ్_డిఐఆర్ అని పెద్ద అక్షరాల్లో రాసి, దానికి /రన్/యూజర్/1000 అని ఇవ్వాలి. ఆ 1000 మీ యూజర్ నంబరు, ఐడీ -యూ అని కొడితే తెలుస్తుంది.

టైము విషయంలో నా మాట ఒకటి వినండి. కార్తీక మాసంలో తెల్లవారుజామున నాలుగున్నరకే సుప్రభాతం పెట్టమని అడుగుతారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం వరద లాంటి అత్యవసరంలో తప్ప రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పగలైనా అనుమతి తీసుకోవాలి. నేను క్రాన్‌లో 6 గంటల 5 నిమిషాలు పెట్టాను. పరీక్షలకి చదివే పిల్లలు, మంచాన ఉన్న పెద్దవాళ్లు అదే వీధిలో ఉన్నారు. మైకు అంటే ఊరికి విసుగు పుడితే వరద రోజున కూడా ఎవరూ చెవి పెట్టరు.

గంటల తరబడి పాటలకి

ఒక్క ఫైలు కాకుండా వరసగా పాటలు కావాలంటే ఎంపీడీ అనే సర్వర్, దాన్ని నడిపే ఎంపీసీ అనే చిన్న క్లయింట్ బాగుంటాయి. ఎంపీడీని కూడా మీ యూజర్ సర్వీసుగానే నడపండి. సిస్టమ్ సర్వీసుగా నడిపితే అది వేరే యూజర్, మీ పైప్‌వైర్‌ని చేరలేదు. దాని కాన్ఫిగరేషన్‌లో అవుట్‌పుట్ రకం పల్స్ అని ఇస్తే చాలు. పాటలు ఫోల్డర్‌లో వేసి ఎంపీసీ అప్‌డేట్, తర్వాత ఎంపీసీ యాడ్ /, ఎంపీసీ ప్లే. మధ్యలో ప్రకటన రావాల్సి వస్తే ఎంపీసీ పాజ్ కొట్టి, ప్రకటన పెట్టి, మళ్లీ ఎంపీసీ ప్లే. నేను ఈ మూడింటినీ కలిపి ఒక స్క్రిప్టులో పెట్టుకున్నాను. ప్రకటన ఆడుతుండగానే గాలి.వేవ్ రికార్డు చేసి, కొలిచి, అంకె నేను రాసుకున్న దానికంటే తక్కువ ఉంటే నా ఫోన్ తెర మీద "మోగలేదు" అని చూపిస్తుంది. అది కనిపించిన రోజు బాబాయ్ ఫోన్ కోసం ఆగకుండా నేనే గుడికి వెళ్తాను.